బయటి నుంచి ఇంటి వెబ్ సర్వర్ తెరుచుకోవడం లేదా? రౌటర్ కొనే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇదీ: రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, కింద "పై" అన్నది దీన్నే) మీద ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టారు. ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌లో 192.168.1.50 అని కొడితే పేజీ వస్తోంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్‌కి (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి పరికరానికి పంపే సెట్టింగ్) వెళ్లి వెబ్ పేజీలు వాడే పోర్ట్ 80ని ఆ అడ్రసుకి మళ్లించారు. అయినా వేరే ఊళ్లో ఉన్న మీ తమ్ముడు తెరిస్తే అలా తిరుగుతూనే ఉండి చివరికి ఎర్రర్ వస్తోంది. రౌటరే ఆపేస్తోందా, ఇంకా మంచిది కొనాలా అని మీ సందేహం.

ఇప్పుడే కొనకండి. మన దగ్గర ఇంటి ఫైబర్ కనెక్షన్లలో ఈ సమస్య వస్తే నేను మొదట అనుమానించేది రౌటర్‌ని కాదు, అసలు మీకంటూ ఒక పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా నేరుగా చేరగల అడ్రసు, ఉందా లేదా అన్నది. అది లేకపోతే ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా, ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. ఉంటే మాత్రం మిగతావన్నీ ఒక సాయంత్రంలో తేలిపోతాయి.

రెండు నిమిషాల్లో తెలుసుకోవచ్చు. రౌటర్ పేజీలో లాగిన్ అయి స్టేటస్‌లోనో నెట్‌వర్క్‌లోనో "వ్యాన్ ఐపీ" (రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రసు) ఎంతో రాసుకోండి. తర్వాత అదే వైఫైలో ఉండి బ్రౌజర్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే వచ్చే ఐపీవీ4 నంబరు చూడండి. ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ముందు ఆపేయండి. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టే. వేరు వేరుగా ఉంటే, మీ రౌటర్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్యలో ఇంకో నాట్ (ఒకే బయటి అడ్రసును లోపలి చాలా పరికరాలకు పంచే ఏర్పాటు) కూర్చుని ఉంది.

అది ఎక్కడుందో వ్యాన్ ఐపీ చెబుతుంది. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సర్వీస్ ప్రొవైడర్ దగ్గరి సీజీనాట్, అంటే చాలా ఇళ్లకు కలిపి పెట్టే పెద్ద నాట్. ఆ శ్రేణిని 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. మొదటి చుక్కకి ముందు సంఖ్య సరిగ్గా 10 అయినా, 172.16 నుంచి 172.31 వరకు దేనితో మొదలైనా చాలావరకు అదే కథ, ప్రొవైడర్ తన లోపలి నెట్‌వర్క్‌లోంచి ఇచ్చిన అడ్రసు అది. 192.168తో మొదలైతే మాత్రం మీ ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయేమో చూడాలి, దాని సంగతి కింద చెబుతాను. ఒక్క జాగ్రత్త: పై మీదో ల్యాప్‌టాప్ మీదో టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను మాత్రమే ఒకదానితో ఒకటి కలిపే వీపీఎన్ ప్రోగ్రామ్) ఉంటే అది కూడా ఆ 100.64 శ్రేణిలోంచే అడ్రసు ఇస్తుంది. దాన్ని చూసి సీజీనాట్ అనుకోకండి. చూడాల్సింది రౌటర్ వ్యాన్ ఐపీ ఒక్కటే.

సీజీనాట్ ఎందుకు పెడతారంటే, ఐపీవీ4లో ఉన్న అడ్రసులే మొత్తం సుమారు 429 కోట్లు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రసులు పంచే ఏపీనిక్ దగ్గర నిల్వ 2011 ఏప్రిల్‌కే చివరి బ్లాకుకి వచ్చేసింది. అందుకే ఒక పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి వాడతారు. మీరు ఇంట్లోంచి ఏదైనా సైటు తెరిస్తే ప్రొవైడర్ పెట్టె "ఫలానా ఇంటి ఫలానా పోర్ట్" అని తన పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది, జవాబు రాగానే ఆ వరుస చూసి మీకు పంపుతుంది. బయటి నుంచి మీ తమ్ముడు మొదలుపెట్టిన కనెక్షన్‌కి ఆ పట్టికలో వరుస ఉండదు. ఏ ఇంటికి పంపాలో దానికి తెలియదు, పారేస్తుంది. ఆ ప్యాకెట్ మీ రౌటర్ దాకా రానే రాదు. మీ ఫార్వర్డింగ్ రూల్ తప్పు కాకపోయినా దానికి పని తగలదు. డక్ డీఎన్ఎస్, నో-ఐపీ లాంటి డైనమిక్ డీఎన్ఎస్ (మారే ఐపీకి ఒక మారని పేరు తగిలించే సేవ) పెట్టుకున్నా ఇంతే, మీ పేరు వెళ్లి అందరూ పంచుకునే ఆ అడ్రసుకి అతుక్కుంటుంది. ఇది తెలియక డీఎన్ఎస్ సెట్టింగులతో వారాలు గడిపేవాళ్లని చూస్తుంటాను, అందుకే ముందే చెబుతున్నాను.

ఇంట్లోనే రెండు నాట్‌లు ఉంటే

ఫైబర్ వచ్చి తగిలే ప్రొవైడర్ డబ్బా, అంటే ఓఎన్‌టీ, చాలావరకు తనే ఒక రౌటర్. దాని వెనక మీరు కొన్న రౌటర్ పెడితే రెండు నాట్‌లు అవుతాయి. మీరు రూల్ పెట్టింది రెండో దాంట్లో. మొదటి దానికి ఆ సంగతే తెలియదు.

మూడు దారులున్నాయి. తేలికైనది: మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే ఇచ్చేలా) పెట్టి ఫార్వర్డింగ్ అంతా ఓఎన్‌టీలోనే చేయడం. రెండోది: ఓఎన్‌టీలో మీ రౌటర్‌కి ఒక అడ్రసు రిజర్వ్ చేసి, ఉదాహరణకి 192.168.1.2, ఓఎన్‌టీ నుంచి 80, 443 (హెచ్‌టీటీపీఎస్ పోర్ట్) లను దానికి మళ్లించి, అక్కడి నుంచి మళ్లీ రాస్ప్‌బెర్రీ పైకి మళ్లించడం. ఇలా చేసేటప్పుడు రెండింటి లోపలి నెట్‌వర్కులూ 192.168.1 కాకూడదు. మీ రౌటర్‌ది 192.168.50కి మార్చండి, పై అడ్రసూ దాంతోపాటు మారుతుందని గుర్తుంచుకోండి. మూడోది ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం, అంటే అది రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని నేరుగా మీ రౌటర్‌కి అందించేలా చేయడం. నాకు ఇదే ఇష్టం, కానీ ముందు పీపీపీఓఈ (ప్రొవైడర్ కనెక్షన్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ ఐడీ (ఆ లైన్‌కి ప్రొవైడర్ ఇచ్చిన నంబరు) కాగితం మీద రాసుకోకుండా మొదలుపెట్టకండి. ఆ పాస్‌వర్డ్ పేజీలో చుక్కలుగానే కనిపిస్తుంది, తర్వాత తీయడం కష్టం. పైగా చాలా డబ్బాలను ప్రొవైడర్ టీఆర్069 అనే పద్ధతి ద్వారా దూరం నుంచి నడుపుతాడు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయ్యాక మీ సెట్టింగులు పోయి పాతవే రావచ్చు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగిపోయిందంటే ముందు చూడాల్సింది అదే.

పబ్లిక్ ఐపీ ఉంది, అయినా రావడం లేదు

ముందు పరీక్షించే పద్ధతి సరిచేసుకోండి. ఇంటి వైఫైలో ఉండి మీ పబ్లిక్ ఐపీ కొట్టి చూడటం పరీక్ష కాదు. లోపలి నుంచి వెళ్లి మళ్లీ లోపలికే తిరిగి రావడాన్ని నాట్ లూప్‌బ్యాక్ అంటారు, అది చాలా డబ్బాల్లో ఉండదు. బయటివాళ్లకు చక్కగా వస్తున్నా మీకు మాత్రం రాదు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి.

ఇప్పుడు ప్యాకెట్ ఎంతవరకు వస్తోందో పట్టుకోవాలి. దీనికి వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ అనే ప్రోగ్రామ్‌ని మించింది లేదు. పై మీద సుడోతో (అడ్మిన్ అధికారంతో) టీసీపీడంప్ నడిపి పోర్ట్ 80 ఒక్కటే చూపించమనండి. పేర్లు వెతక్కుండా నంబర్లు చూపేలా ఇంగ్లిష్ చిన్న అక్షరం "ఎన్" (-n) ఆప్షన్ ఇవ్వండి. అది అలా తెరిచి ఉంచి, మొబైల్ డేటా మీది ఫోన్ నుంచి పేజీ తెరవండి. తెర మీద కనిపించేదాన్ని ఇలా చదవాలి.

ఏమీ కనిపించకపోతే ప్యాకెట్ పై దాకా రాలేదు. తప్పు రౌటర్‌లోనో, ప్రొవైడర్ దగ్గరో.

బయటి ఐపీ నుంచి "ఎస్" ఫ్లాగ్‌తో (కనెక్షన్ కావాలని అడిగే గుర్తు) ఒకే వరుస కొద్ది సెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ వస్తూ, పై నుంచి ఏ జవాబూ పోకపోతే, పై మీది ఫైర్‌వాల్ మింగేస్తోంది. ఫైర్‌వాల్ పారేసే ప్యాకెట్ కూడా టీసీపీడంప్‌కి కనిపిస్తుంది, అందుకే ఇది నమ్మదగిన గుర్తు. యూఎఫ్‌డబ్ల్యూలో (లినక్స్‌లో వాడే ఫైర్‌వాల్) 192.168.1 నెట్‌వర్క్‌కి మాత్రమే అనుమతి ఇచ్చి ఉంటే సరిగ్గా మీ లక్షణాలే వస్తాయి: ఇంట్లో వస్తుంది, బయటికి రాదు. విండోస్ మీద సర్వర్ పెట్టినవాళ్లు ఫైర్‌వాల్ రూల్‌లో స్కోప్ చూడాలి, "లోకల్ సబ్‌నెట్" అని ఉంటే అదే కారణం.

వెంటనే "ఆర్" ఫ్లాగ్‌తో (కుదరదని చెప్పే గుర్తు) జవాబు పోతుంటే ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదు. ఎన్‌జింక్స్ ఆగిపోయిందేమో, వేరే పోర్ట్‌లో వింటోందేమో చూడండి.

పై జవాబు పంపుతూనే ఉంది, అయినా ఫోన్ మళ్లీ మళ్లీ అడుగుతోంది అంటే, జవాబు వేరే దారిలో పోతోంది. రాస్ప్‌బెర్రీ పైకి చేతితో స్టాటిక్ (మారని) అడ్రసు ఇచ్చినప్పుడు గేట్‌వే (బయటికి పోయే దారి, అంటే రౌటర్ అడ్రసు) తప్పు రాసి ఉంటారు, లేదా పై మీద వీపీఎన్ నడుస్తుండి జవాబులన్నీ దాంట్లోంచి పోతుంటాయి, లేదా వైఫై, కేబుల్ రెండూ ఒకేసారి తగిలించి ఉంటారు. ఇంట్లోవాళ్లకి జవాబివ్వడానికి గేట్‌వే అక్కర్లేదు. అందుకే ఇది ఇంట్లో పరీక్షిస్తే బయటపడదు, చాలామంది తప్పిపోయేది ఇక్కడే.

ఫోన్‌లో కనిపించే ఎర్రర్ కూడా కొంత చెబుతుంది. చాలాసేపు తిరిగి టైమ్‌అవుట్ అయితే ఎవరో నిశ్శబ్దంగా పారేస్తున్నారు. వెంటనే రెఫ్యూజ్డ్ అని వస్తే ఎవరో ఒకరు కాదని జవాబిస్తున్నారు. 403, 404, 502 లాంటివి కనిపిస్తే సంతోషించండి, రౌటర్ పని అయిపోయింది, మిగిలింది ఎన్‌జింక్స్ సెట్టింగులే. మీ పేజీ బదులు రౌటర్ లాగిన్ పేజీ వచ్చిందంటే మాత్రం అన్నీ పక్కనపెట్టి ముందు రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. ఆ పేజీ లోకమంతటికీ తెరిచి ఉన్నట్టే.

ప్యాకెట్ పై దాకా రాకపోతే రౌటర్ రూల్‌లో చూడాల్సినవి

పై అడ్రసు మారిపోయి ఉండొచ్చు. కరెంటు పోయి వచ్చాక 192.168.1.50 కాస్తా 192.168.1.53 అయిపోతుంది, రూల్ మాత్రం పాతదాన్నే చూస్తుంటుంది. పై మ్యాక్ అడ్రసుతో (పరికరానికి ఉండే సొంత గుర్తింపు నంబరు) రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టండి, అప్పుడు దానికి ఎప్పుడూ అదే అడ్రసు వస్తుంది. వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కి ఇంకోటి ఉంటుంది, వాడుతున్న దానిదే ఇవ్వండి. సర్వర్‌కి కేబులే మేలు.

ఓఎన్‌టీల్లో తరచుగా దెబ్బతీసేది ఇంకోటుంది. వ్యాన్ పేజీ తెరిస్తే ఒకటి కాదు, రెండు మూడు కనెక్షన్లు కనిపిస్తాయి: ఒకటి ఇంటర్నెట్‌కి, ఒకటి టీఆర్069కి, ఫోన్ లైన్ ఉంటే వాయిస్‌కి ఒకటి. ఫార్వర్డింగ్ రూల్ రాసేటప్పుడు అది ఏ వ్యాన్‌కో ఎంచుకునే పెట్టె ఉంటుంది. కొన్నింటిలో జాబితాలో మొదటిదే తనంతట తాను పడిపోతుంది, అది టీఆర్069ది కావచ్చు. రూల్ చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది, ప్యాకెట్ మాత్రం ఇంటర్నెట్ వ్యాన్‌లో వచ్చి ఆగిపోతుంది. అక్కడ "ఇంటర్నెట్" అని ఉన్నదాన్నే ఎంచుకోండి. పక్కనే ఎనేబుల్ టిక్ పడిందా, ప్రోటోకాల్ టీసీపీయేనా అన్నదీ చూడండి. "సోర్స్ ఐపీ", "రిమోట్ హోస్ట్" గళ్లు ఖాళీగా వదలాలి. వాటిలో పై అడ్రసు రాస్తే ఆ అడ్రసు నుంచి వచ్చేవాళ్లకే తలుపు తెరుస్తుంది.

తర్వాత పోర్ట్ సంగతి. కొందరు ప్రొవైడర్లు ఇళ్ల కనెక్షన్లలో బయటి నుంచి వచ్చే 80, 443, 25లను ఆపేస్తారు. తేల్చుకోవడానికి బయటి పోర్ట్ 8080, లోపలి పోర్ట్ 80 అని ఇంకో రూల్ రాయండి. ఫోన్‌లో అడ్రసు చివర రెండు చుక్కలు పెట్టి 8080 కొట్టండి. ఇది తెరుచుకుని 80 తెరుచుకోకపోతే, 80ని ఆపుతున్నది ప్రొవైడరో, ఆ పోర్ట్‌ని తన పేజీకే వాడుకుంటున్న మీ డబ్బానో. పోర్ట్ 80 లేకపోతే హెచ్‌టీటీపీఎస్ కోసం ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ మామూలు హెచ్‌టీటీపీ పద్ధతిలో రాదు. డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టే పద్ధతి వాడండి, దానికి ఏ పోర్టూ అక్కర్లేదు.

ఇవన్నీ అయినా రాకపోతే, ఒక్క పది నిమిషాలు పైని డీఎంజడ్‌లో (బయటి నుంచి వచ్చేదంతా ఒకే పరికరానికి పంపే సెట్టింగ్) పెట్టి చూడండి. అప్పుడు వస్తే తప్పు మీ రూల్‌లో ఉంది. అప్పుడూ టీసీపీడంప్ ఖాళీగా ఉంటే ప్రొవైడర్‌తో మాట్లాడాలి. చూశాక డీఎంజడ్ తీసేయడం మరవకండి, అలా వదిలేస్తే పై మీది ప్రతి పోర్టూ రోడ్డు మీద ఉన్నట్టే.

చిన్న పేజీ వచ్చి, ఫొటోలున్న పేజీ మధ్యలో వేలాడుతుంటే అది వేరే జబ్బు. పీపీపీఓఈలో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) సాధారణంగా 1500 కాదు, 1492. రౌటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లను ఆ కొలతకు సరిపడేలా చేసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, లేదా వ్యాన్ ఎంటీయూ 1492 ఉందో లేదో చూసి సరిచేయండి.

సీజీనాట్ అని తేలితే ఏం చేయాలి

ముందు ఎవరు చూడాలో నిర్ణయించుకోండి. మీరూ మీ తమ్ముడూ మాత్రమే అయితే సైటును బయట పెట్టాల్సిన పనే లేదు. పై మీద, అతని ఫోన్‌లో టెయిల్‌స్కేల్ వేసుకుంటే చాలు, రౌటర్‌లో ఒక్క సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. మీరు చెప్పినదాన్నిబట్టి నేనైతే ఇదే చేస్తాను.

అందరూ చూడాలంటే ప్రొవైడర్‌ని అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవడం సూటైన దారి. దానికి అదనంగా కట్టాలి. కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: అది పబ్లిక్ ఐపీవీ4 అడ్రసేనా, బయటి నుంచి 80, 443 తెరిచి ఉంటాయా? "స్టాటిక్" అన్నంత మాత్రాన పబ్లిక్ అని కాదు, 10తో మొదలయ్యే మారని అడ్రసు ఇచ్చినా అది స్టాటిక్కే. కస్టమర్ కేర్‌లో తేలకపోతే లైన్ వేసిన లోకల్ ఆపరేటర్‌ని పట్టుకోండి, చాలా ఊళ్లలో అసలు పని జరిగేది ఆయన దగ్గరే. ఇచ్చాక డబ్బా ఆపి ఆన్ చేసి వ్యాన్ ఐపీ మళ్లీ చూడండి.

ప్రొవైడర్‌కి అదనంగా కట్టకూడదనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఇచ్చే టన్నెల్. పై మీద నడిచే చిన్న ప్రోగ్రామ్ లోపలి నుంచి బయటికి కనెక్షన్ తెరిచి ఉంచుతుంది, చూసేవాళ్లు దాంట్లోంచే వస్తారు. బయటికి 7844 పోర్ట్ పోగలిగితే చాలు. సొంత డొమైన్ ఉండాలి, దాని డీఎన్ఎస్ వాళ్ల దగ్గర ఉండాలి. రెండు పరిమితులు ముందే తెలుసుకోండి: హెచ్‌టీటీపీఎస్ తాళం వాళ్ల దగ్గరే తెరుచుకుంటుంది కాబట్టి మీ సైటు రాకపోకలు వాళ్లకి కనిపిస్తాయి. ఉచిత ప్లాన్‌లో ఒక్క అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు, నెక్స్ట్‌క్లౌడ్ లాంటి సొంత ఫైల్ నిల్వ పెట్టేవాళ్లకు ఇది అడ్డు. టన్నెల్ పెట్టాక పాత ఫార్వర్డింగ్ రూల్స్ తీసేయండి.

ఎవరి చేతిలోనూ పెట్టడం ఇష్టం లేకపోతే చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లో పబ్లిక్ ఐపీతో ఉండే అద్దె సర్వర్) తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో పైని దానికి కలపండి. ముంబైలోనో హైదరాబాద్‌లోనో డేటా సెంటర్ ఉన్నదైతే ఆలస్యం తక్కువ. వీపీఎస్‌లో యూడీపీ 51820 తెరవాలి. పై వైపు పర్సిస్టెంట్ కీపలైవ్ 25 (ప్రతి 25 సెకన్లకీ ఒక పలకరింపు ప్యాకెట్ పంపే సెట్టింగ్) పెట్టాలి, అది లేకపోతే కాసేపు ఎవరూ రాకపోయేసరికి సీజీనాట్ తన పట్టికలో మీ వరుస చెరిపేస్తుంది, వీపీఎస్ ఎంత పిలిచినా పై పలకదు. "పొద్దున పనిచేసింది, మధ్యాహ్నానికి చచ్చిపోయింది, పైని రీస్టార్ట్ చేస్తే మళ్లీ వచ్చింది" అని రాసేవాళ్లు ముందు ఈ అంకె చూసుకోవాలి.

ఐపీవీ6 (ఐపీవీ4 తర్వాత వచ్చిన, అడ్రసుల కొరత లేని పద్ధతి) ఉంటే అదీ ఒక దారే. పై అడ్రసుల్లో 2తో మొదలయ్యేది ఉంటే అది నేరుగా బయటికి తెలిసే అడ్రసు. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది పనికిరాదు. ఇక్కడ ఫార్వర్డింగ్ ఉండదు, రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో ఆ అడ్రసుకి టీసీపీ 80, 443 అనుమతించాలి. కొన్ని డబ్బాల్లో ఆ ఫైర్‌వాల్‌కి పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ తప్ప మధ్య మార్గం ఉండదు. అలాంటి చోట ఆఫ్ చేయకండి, ఇంట్లోని టీవీ, కెమెరా అన్నీ బయటపడతాయి. ఎన్‌జింక్స్ ఐపీవీ6 మీద కూడా వింటోందో లేదో చూడాలి. ఐపీవీ6 లేని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి మాత్రం ఎవరికీ రాదు.

ఏ దారి ఎంచుకున్నా, ఇంటి రౌటర్‌లో పోర్టులు తెరవాల్సి వస్తే 80, 443 మాత్రమే. 22 (ఎస్ఎస్‌హెచ్) వద్దు, 3306 (డేటాబేస్) వద్దు, 3389 (రిమోట్ డెస్క్‌టాప్) అసలే వద్దు. తెరిచిన కొద్ది గంటల్లోనే ఎన్‌జింక్స్ లాగ్‌లో ఎక్కడెక్కడి నుంచో వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీలు వెతుకుతూ వచ్చేవి కనిపిస్తాయి. అవి మీ కోసం వచ్చినవి కావు, ప్రతి అడ్రసునీ తడుముతూ పోయేవి, కానీ తలుపు వదులుగా ఉంటే లోపలికొస్తాయి. మీ పై మీది సిస్టమ్ 2022 ఏప్రిల్ కంటే ముందుదైతే "పై" యూజర్‌కి "రాస్ప్‌బెర్రీ" అనే పాస్‌వర్డ్ అలాగే ఉందేమో ఇవాళే చూడండి. ఆ తర్వాతి వాటిలో ఆ డిఫాల్ట్ యూజర్‌ని తీసేశారు. రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే సదుపాయం) కూడా ఆపేయండి.

ఇంకా తేలకపోతే ఈ మూడు రాయండి: వ్యాన్ ఐపీలో చుక్కల మధ్య మొదటి రెండు సంఖ్యలు (100.64 లాగా), ఇంట్లో ఓఎన్‌టీ ఒక్కటేనా దాని వెనక రౌటర్ ఉందా, మొబైల్ డేటా నుంచి తెరిచినప్పుడు టీసీపీడంప్‌లో వచ్చిన నాలుగు వరుసలు. వరుసల్లో బయటి ఐపీల చివరి రెండు సంఖ్యలు కొట్టేసి పెట్టండి, మీ పూర్తి ఐపీ ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.